ఒరుగుడు గుండు, పీసా గోపురం

పోయిన ఆదివారం మా చెల్లెలి మనుమరాలి నిశ్చితార్థానికి పోతే, అక్కడ భోజనాలకు ముందు గోడకు పెద్ద టీవీ ఒకటి తగిలించి, కాబోయే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ముందుగానే తీయించుకున్న ఫొటోలను ఒకదాని వెనక ఒకటి వేసి చూపించారు. మన కాలంలో పెళ్లికి ముందు పిల్లా పిల్లవాడూ రెండు మాటలు మాట్లాడుకుంటేనే వాడకట్టంతా బుగ్గలు నొక్కుకునేది, ఇప్పుడు సినిమా వాళ్లలా ఫొటోలు దిగుతుంటే అత్తమామలే చప్పట్లు కొడుతున్నారు. కొట్టనీ, నాకేం, పిల్లలు ముచ్చటగానే ఉన్నారు. తాజ్ మహల్ ముందు ఒక ఫొటో, పారిస్ ఇనుప టవర్ కింద ఇంకొకటి, పిరమిడ్ మెట్ల మీద మరొకటి వచ్చి పోయాయి. ఆ తర్వాత ఒరిగిన గోపురం ఒకటి వచ్చింది. దూరంగా ఉన్న ఆ గోపురాన్ని పడిపోకుండా ఆపుతున్నట్టు ఇద్దరూ చేతులు చాపి నవ్వుతున్నారు. ఏ దేశం పోయి దిగారని ఎవరో పెద్దాయన అడిగితే, దేశమూ లేదు గీశమూ లేదు, పాలమూరు అవతల రోడ్డు పక్క పార్కే, దాన్ని కట్టింది మా అన్ననే అని మా చెల్లెలు గొప్పగా నా వైపు చేయి చూపించింది.

అందరూ నా వైపు తిరిగారు. నేను మాత్రం చేతిలో ఉన్న ప్లేటు కుర్చీ మీద పెట్టేసి, చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చి, ఆ ఫంక్షన్ హాలు చుట్టూ మూడు సార్లు తిరిగాను. మా ఇంటామె వెనకాలే వచ్చి, నీ కాళ్లకు చక్రాలున్నయా, నలుగురి నడుమ కూసుండి ఇంత బువ్వ తినరాదా అని కసురుకుంది. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా నా కాళ్లు ఒక దగ్గర నిలవవు, ఆ మాట నిజమే. కానీ ఆనాడు లేచి వచ్చింది కాళ్ల గుణం వల్ల కాదు. ఆ గోపురాన్ని చూస్తే నేను కూర్చోలేను.

నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను. మాది కృష్ణకు ఇవతల, ఆత్మకూరు దగ్గర ఒక ఊరు. గొర్లు కాసుకునే ఇల్లు. ఎండాకాలం మొదలై ఊరి చుట్టూ మేత కరువైతే మా బాపు గొర్లను తోలుకుని నది దిక్కు పోయేవాడు. చేనుగల రైతులు ఎరువు కోసం పిలిస్తే వాళ్ల చేన్లలో మంద పెట్టి, వాళ్లిచ్చిన జొన్నలతో అక్కడే పొయ్యి వెలిగించి, తొలకరి పడ్డాక గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఆయనకు మైళ్లు తెలియవు, కిలోమీటర్లు అసలే తెలియవు. ఏ ఊరి పేరు చెప్పినా ఎన్ని దినాల నడక అని అడిగేవాడు. మా అక్కను ఇచ్చిన ఊరు ఒక దినం నడక, పాలమూరు రెండు దినాలు, శ్రీశైలం గొర్లతో అయితే ఆరు దినాలు, వట్టి చేతులతో అయితే నాలుగు. ఆ లెక్క ఎన్నడూ తప్పింది లేదు. దారి తప్పిన గొల్లవాడికి పిల్లనియ్యరని మా వాళ్లలో ఒక మాట ఉండేది. నవ్వులాటకు అనే మాటే, కానీ అందులో నవ్వు సగమే.

మా ఊరి నుంచి మందతో బయలుదేరితే ఒక పూట నడిచేసరికి ఒక గుట్ట కనపడేది. ఆ గుట్ట మీద ఒకదాని మీద ఒకటి మూడు గుండ్లు. ఎవరో ఎత్తి పేర్చినట్టు ఉంటాయి గానీ, ఎత్తే మొనగాడు ఏ కాలంలోనూ పుట్టి ఉండడు. పైన ఉన్న గుండు ఇంటి కంటే పెద్దది, నది దిక్కుకు బాగా ఒరిగి, ఇప్పుడో ఇంకాసేపటికో పడేటట్టు ఉంటుంది. దానికి ఒరుగుడు గుండు అని పేరు. చుట్టుపక్కల రెండు దినాల నడక లోపల గొర్లు కాసే వాళ్లందరికీ అదే గురుతు. గుండు ఎటు ఒరిగిందో అటు నడిస్తే నీళ్లు, ఆ ఒరుగుకు వీపు పెట్టి నడిస్తే ఇల్లు. నేను చిన్నప్పుడు మొదటిసారి బాపు వెంట పోయినప్పుడు, ఆ గుండు కింద నిలబడాలంటే భయపడి ఏడ్చానట. బాపు నన్ను ఎత్తుకుని దాని కిందికే తీసుకుపోయి, రాయికి నా చేయి ఆనించి, మా తాత ముత్తాతల కాలం నుంచి గిట్లనే ఉన్నది బిడ్డా, మనం పోతం గాని గిది పోదు అన్నాడట. నాకు ఆ మాట గుర్తులేదు. రాయి వెచ్చగా ఉండడం మాత్రం అరచేతికి ఇప్పటికీ గుర్తే.

నేను గొర్ల వెంట పోలేదు. పాలమూరు జిల్లా వాళ్లందరిలాగే తట్టా పారా పట్టి దేశం మీద పడ్డాను. బొంబాయిలో ఇటుకలు మోశాను, ఎక్కడెక్కడి డ్యాములకో కాంక్రీటు పోశాను, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల కాడ క్వార్టర్లు కట్టేటప్పుడు తాపీ పట్టడం నేర్చుకున్నాను, యాదగిరిగుట్ట కింద సత్రాలు కట్టేనాటికి మేస్త్రీనయ్యాను. ఒక పని అయ్యీ కాకముందే కాలు ఇంకో ఊరికి లాగేది. ఊర్లు తిరిగే గుణం బాపుదే, కాకపోతే ఆయన గొర్ల వెంట తిరిగాడు, నేను గోడల వెంట తిరిగాను. గోడ విషయంలో మాత్రం నా పేరుకు మచ్చ లేదు. దారానికి ఇనుప ముద్ద కట్టిన తూకం వేలాడదీసి చూస్తే, నేను లేపిన గోడ వెంట్రుకవాసి కూడా అటు ఇటు పోదు. ఫలానా మేస్త్రీ గోడరా అని పదూళ్లలో అనేవారు. ఆ గీర నాకు కొంచెం ఎక్కువే ఉండేది, ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది.

తెలంగాణ వచ్చి రెండు మూడేళ్లయింది అప్పటికి. జిల్లాలు చీలి మా ఊరు పాలమూరు నుంచి వేరే జిల్లాలోకి పోయిన రోజులవి. మా అక్క కొడుకు చిన్న చిన్న కాంట్రాక్టులు పట్టేవాడు, వాడు ఒకనాడు మోటారు సైకిలు మీద వచ్చి, మామా, నీకొక పనుంది, ఇటువంటి పని నీ జన్మలో చేసి ఉండవు అన్నాడు. పాలమూరు బయట హైవే పక్కన ఒకాయన పార్కు పెడుతున్నాడు, అందులో ప్రపంచ వింతలన్నీ చిన్నగా చేసి నిలబెట్టాలంట. చిన్నగా అంటే మన రెండంతస్తుల మేడంత. నా చేతిలో పెద్ద పెద్ద రంగుల కాగితాలు పెట్టాడు. తాజ్ మహల్, పారిస్ టవర్, ఈజిప్టు పిరమిడ్, చైనా గోడ, అమెరికాలో దివిటీ పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి, పీసా గోపురం.

ఆ ఆరు నెలలు నేను నవ్వినంత మరెప్పుడూ నవ్వలేదు. చైనా గోడ ప్రహరీ కాడికి వచ్చేసరికి జాగా అయిపోయి, మున్సిపాలిటీ మోరీ ముందు ఆగిపోయింది. దివిటీ ఆమెకు బట్ట ముడతలు తీస్తుంటే, కూలికి వచ్చిన ఆడవాళ్లు చుట్టూ చేరి, కొంగు గట్లనా కప్పుకునేది, నడుముకు చెక్కుకోవాలె గదా అని నాకే తప్పులు పట్టారు. పిరమిడ్‌కు తూర్పు వాకిలి పెట్టకపోతే వాస్తు తప్పుతుందని పార్కు యజమాని మామగారు పట్టుబట్టి, అది సమాధి అని మా మేనల్లుడు ఎంత చెప్పినా వినక, చివరికి ఒక దర్వాజా పెట్టించే దాకా ఊరుకోలేదు. పారిస్ టవర్‌ను మా దగ్గర గేట్లూ కిటికీలూ చేసే వెల్డింగ్ మనిషి కట్టాడు, అందుకే దగ్గరికి పోయి చూస్తే నడుమ నడుమ కిటికీ పువ్వులు కనపడతాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ కాగితాల్లో ముందు భాగమే ఉండేది. వెనక ఎట్లుంటదని కూలి ఆడవాళ్లు అడిగితే ఎవరికీ తెలియదు. వెనక ఎవడు చూస్తడు మామా, ముంగట నిలబడి ఫొటో దిగుతరు గంతే అన్నాడు మా వాడు. అందుకని మా ప్రపంచ వింతలన్నిటికీ వెనక వట్టి ప్లాస్టరే.

ఒకనాడు మధ్యాహ్నం సద్ది తింటూ, లోకంలో ఇన్ని కట్టడాలుండగా వీటికే ఇంత పేరెందుకని నేను మేనల్లుణ్ణి అడిగాను. వాడు నాలుగు అక్షరాలు చదువుకున్నవాడు. దేన్నయినా వట్టి నీడ చూసి చిన్న పిల్లలు కూడా పోల్చుకోవాలె, దానికొక కథ ఉండాలె, మళ్లీ అటువంటిది ఇంకొకటి ఉండొద్దు, చూసినోడు ఇంటికి పోయి పదిమందికి చెప్పుకోవాలె, అప్పుడు పేరొస్తది అన్నాడు. బాగానే చెప్పాడనిపించింది. వాడు చెప్పిన నాలుగూ మా ఒరుగుడు గుండుకు ఉన్నాయన్న ఆలోచన ఆ రోజు నా బుర్రకు తట్టలేదు. ఎదురుగా ఉన్న కాగితాలే చూస్తున్నాను గదా.

ఇక పీసా గోపురం కాడ నా గీర బయటపడింది. కాగితంలో అది ఒరిగి ఉంది. నాకేమో ఫొటో తీసినవాడు వంకరగా తీశాడనిపించింది. కాదు మామా, అది నిజంగనే ఒరిగిందని మేనల్లుడు చెప్పి వేరే పని మీద హైదరాబాదు పోయాడు. ఒరిగితే అది కట్టినోడి తప్పు, ఆ తప్పును నేనెందుకు చేయాలె అనుకున్నాను. నిజం చెప్పాలంటే అట్లా అనుకుని కూడా చేయలేదు, చేయి పోలేదంతే. వరుసకొకసారి తూకం వేసే చేయి అది. ముప్పై ఏళ్ల అలవాటు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ గోపురపు చిన్న చిన్న అంతస్తుల్లో మూడు లేచాయి, దీపం వత్తిలా నిటారుగా. యజమాని వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. కూలోళ్లందరి ముందు, ఒరిగిందనే గదయ్యా దాన్ని చూడటానికి లోకమంతా పోతది, నిలబెడితే అది నీళ్ల ట్యాంకు, ఇంత వయసొచ్చి గీ మాత్రం తెల్వదా అని అరిచాడు. నా గోడ నిలువుగా ఉందని నన్ను తిట్టిన మనిషి ఆయనొక్కడే. తాపీ అక్కడే పారేసి, ఒరిగిన గోడ కట్టి నా పేరు చెడగొట్టుకోను, నీకు దొరికితే ఒంకర మేస్త్రీని తెచ్చుకో అని చెప్పి బస్సెక్కి మా ఊరికి పోయాను.

బాపు అప్పటికి ఎనభై దాటాడు. గొర్లు అమ్మేసి చాలా ఏళ్లయింది. రెండు కళ్లకూ పొర వచ్చి, ఆకాశం మీద పెద్ద పెద్ద ఆకారాలు తప్ప ఏమీ ఆనకపోయేది. ఆపరేషన్ చేయిద్దామంటే, దవాఖానకు పోయినోళ్లెవరూ నడుచుకుంట తిరిగి రాలేదని మొండికేసేవాడు. అరుగు మీద గొంగడి వేసుకుని కూర్చుని, దారిన పోయేవాళ్లను అడుగుల చప్పుడు బట్టి పేరు పెట్టి పిలిచేవాడు. నేను కోపంగా వచ్చిన సంగతి కూడా అడుగులను బట్టే పట్టాడు. ఏమైందని అడిగితే మొత్తం చెప్పాను. అంతా విని ఆయన మొదట అడిగింది ఒకటే, ఆ పీసా ఎన్ని దినాల నడక అని. నడుమ సముద్రం ఉందంటే కొంచెం నిరాశపడ్డాడు. తర్వాత చేతికర్ర నేల మీద ఆనించి, నిదానంగా అన్నాడు.

"మన ఒరుగుడు గుండు ఒర్గలేదారా? దాన్ని తప్పని ఎవరన్న అన్నరా? బరువు కాలు మీదున్నంత సేపు ఏదీ పడదు. నేను ఒంగి నడుస్త లేనా, పడుతున్ననా?"

నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది. గుండు కళ్ల ముందు నిలబడింది, కింద రాయి ఎంత వెడల్పు, ఎటు పక్క ఎంత బరువు, ఒరుగు ఎక్కడ మొదలైంది, అంతా తెలిసినట్టే అనిపించింది. అరుగు మీద నుంచే మేనల్లుడికి ఫోను కొట్టి, కట్టిందంతా కూలగొట్టు, మళ్లీ పునాది నుంచి పోస్తా, ఒరుగుకు ఎదురు దిక్కు భూమిలోపల కాంక్రీటు బరువు దండిగా దించాలె అని చెప్పాను. కంకర ఏ క్రషర్ నుంచి తెప్పియ్యమంటవు మామా అని వాడు అడిగాడు. పాలమూరు దగ్గర దొరికేది పెళుసు రాయి. మా ఊరి దిక్కు గుట్టల కాడ కొత్తగా క్రషర్ పడ్డదని, లారీలు పోతున్నాయని విని ఉన్నాను. మా దిక్కు నల్లరాయి సంగతి నాకు తెలియనిదా, ఇనుము లాంటి రాయి. మా దిక్కు కంకరే తెప్పియ్, దానికి మించింది ఈ జిల్లాలో లేదు అని గట్టిగా, గొప్పగా చెప్పాను. పక్కన బాపు కూడా తల ఊపి, ఔ, మన దిక్కు రాయి గట్టిది అన్నాడు. ఏ గుట్ట అని నేను అడగలేదు. మా దిక్కు గుట్టలు తక్కువా, ఎన్ని లేవు.

ఫోను పెట్టేశాక బాపు నా మోకాలు మీద చేయి వేసి, "గుండు కాడికి ఒక్కపారి తోల్కపో రా. కండ్లు మొత్తం పోకముందు జర చూసి వస్త" అన్నాడు. ఆయన నన్ను ఏదైనా అడగడం నా ఎరుకలో అదే మొదలు. పార్కు తెరవంగనే తీసుకుపోతానని మాట ఇచ్చాను.

ఆ మాట చుట్టూ ఎన్ని సాకులు తిప్పానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గోపురం మళ్లీ లేచింది, ఈసారి ఒరిగి లేచింది. తూకం సంచిలో పెట్టేసి, కళ్లు మూసుకుని గుండును తలుచుకుంటూ వరుస వరుసకు ఇంత అని జరుపుకుంటూ పోయాను. టిప్పర్లు మా దిక్కు నుంచి నల్ల కంకర తెచ్చి పోస్తుంటే చేతిలోకి తీసుకుని కూలోళ్లకు చూపించి, చూడండిరా మా ఊరి రాయి అని మురిసిపోయాను. నడుమ ఇంటికి పోయినప్పుడల్లా బాపు అడిగేవాడు, వచ్చే వారం అనేవాణ్ణి. పార్కు తెరిచారు, పెద్ద పెద్ద వాళ్లు వచ్చి రిబ్బన్లు కత్తిరించారు, అన్నిటికంటే ఎక్కువ మంది ఒరిగిన గోపురం ముందే చేతులు చాపి ఫొటోలు దిగారు. యజమాని వచ్చి నా భుజం తట్టాడు. ఆ తర్వాత యాదగిరిగుట్ట కాడ ఇంకో పనికి పిలుపొస్తే అటు పోయాను. కాలు నిలవదని చెప్పాను గదా. అట్లా ఎండాకాలం సగానికి వచ్చింది.

చివరికి ఒకనాడు పొద్దున, ఆటో నడిపే మా చిన్నాయన కొడుకును పిలిచి బయలుదేరాము. బాపు తెల్ల తలపాగా చుట్టి, అంత ఎండలోనూ గొంగడి భుజాన వేసి, గొర్ల వెంట పోయేనాటి కర్ర పట్టి, మనుమరాలి పెళ్లికి పోయినట్టు తయారయ్యాడు. పాత మంద దారిలో ఇప్పుడు మా వాళ్లెవరూ పోవడం లేదు. తారు రోడ్డు ఇంకో దిక్కు నుంచి పడ్డది, గొర్లను కూడా బండ్లలో ఎక్కించుకుపోతున్నారు. దారంతా బాపు చెబుతూనే ఉన్నాడు, ఇక్కడ మంద పెట్టేవాళ్లం, ఇక్కడ తోడేలు పడ్డది, ఇక్కడ మీ అమ్మ నాకు అంబలి తెచ్చింది అని. ఆయన అంత మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

వాగు దాటి మలుపు తిరగంగనే నాకు అర్థమైంది. గుట్ట ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. గుట్ట కింద సగం మిగిలి, కోసిన గుమ్మడికాయలా నోరు తెరుచుకుని కనపడుతోంది, పక్కన క్రషర్ గర్రుమని తిరుగుతోంది, దాని ముందు నల్ల కంకర కుప్పలు. ఆ రంగు, ఆ రవ్వ నాకు కొత్తవి కావు. నా చేతులతో గోపురానికి ఎత్తి పోసిన కంకరే అది. ఆటో నడిపే తమ్ముడు వెనక్కి తిరిగి ఏదో అనబోతే, నేను వాడి భుజం గట్టిగా నొక్కాను.

బాపు ముందుకు వంగి, చేయి కనుబొమ్మలకు అడ్డం పెట్టుకుని ఆకాశం అంచు వెతికాడు. గుండు వచ్చిందా అని అడిగాడు. ఇంకా రాలేదు బాపూ అన్నాను. ఇంకొంచెం ముందుకు పోనియ్యి అన్నాడు, పోయాము. ఎడమకు తిప్పు అన్నాడు, తిప్పాము. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆ గుట్ట చుట్టూనే తిరిగాము. నిజం చెప్పేయాలని మూడు సార్లు నోరు తెరిచాను, మూడు సార్లూ అరుగు మీద నేను ఫోనులో చెప్పిన మాటే అడ్డం వచ్చింది. చివరికి ఆటో ఆపించి బాపు దిగాడు. కర్ర ఆనించి నాలుగడుగులు వేసి, కింద కూర్చుని, నేల మీద పేరుకున్న రాతి దుమ్మును గుప్పిట్లోకి తీసుకుని వేళ్లతో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. తర్వాత ఆ దుమ్మును పారేయకుండా మెల్లగా నేల మీదే పెట్టి లేచాడు.

"తొవ్వ తప్పినవ్ రా. గొల్లోని కొడుకువై గుండుకు తొవ్వ తెల్వకపాయె. పా, ఇంటికి పా."

ఔ బాపూ, తప్పిన అన్నాను. చేయి పట్టి ఆటో ఎక్కించాను.

ఆ తర్వాత బ్రతికినన్నాళ్లూ అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పాడు, మా వాడు నన్ను గుండు కాడికి తోల్కపోతనని తొవ్వ తప్పిండు అని. ఊరు ఊరంతా నవ్వింది. మేస్త్రీ అయితే ఏముంది, గొల్లోళ్ల ఇంట పుట్టి దారి తెల్వకపాయె అని నా ముందే అన్నారు. నిలువు గోడల మేస్త్రీగా మోసిన పేరు కంటే ఆ పేరు బరువుగా ఉండేది, అయినా మోశాను. ఊర్లో నిజం తెలిసినవాళ్లు కూడా, ముసలాయన ముందు ఎందుకని ఊరుకున్నారు. ఆ ఏడు వానలు వెనకపట్టాక, చలికాలం మొదట్లో బాపు పోయాడు.

అప్పటి నుంచి నన్ను కూర్చోనివ్వని సంగతి ఒకటుంది. ఆ రోజు తిరుగు దారిలో బాపు కళ్లు మూసుకుని ఆటోలో ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు మూసుకునే, ఇప్పుడు వాగు వస్తది, ఇప్పుడు రాళ్ల దిబ్బ, ఇప్పుడు కుడికి తిరిగితే మన చెలకలు అని ప్రతి మలుపూ ముందే చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. ఎక్కడ నిలబడ్డాడో, ఏ గుట్ట చుట్టూ తిరిగాడో, ఆ గర్రుమనే చప్పుడు దేనిదో ఆయనకు తెలియకుండా ఉంటుందా? అరుగు మీద నా ఫోను మాట పక్కనే కూర్చుని విన్నాడు గదా. మరి ఎందుకు అట్లా అన్నాడు? గుండు లేదని నమ్మలేక అన్నాడా, కొడుకు మొఖం కాపాడటానికి అన్నాడా? గుండును పిండి చేయించిన కొడుకు కంటే దారి తప్పిన కొడుకు నయమనుకున్నాడా? అడిగే ధైర్యం ఆయన ఉన్నప్పుడు నాకు రాలేదు, వచ్చేసరికి ఆయన లేడు.

నిశ్చితార్థం అయిన మూడో రోజు, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఆ పార్కుకు పోయాను. తాజ్ మహల్ సున్నం పెచ్చులూడింది. దివిటీ ఆమె చేతిలో దివిటీకి లైటు పెట్టారు, అది వెలగడం లేదు. ఇంకో మూల అద్దాల వంతెన అని ఏదో కొత్తది కడుతున్నారు, ఇప్పుడు జనం దానికోసమే అడుగుతున్నారంట. వచ్చినవాళ్లు ఫోనులోని మ్యాపు పెట్టుకుని నేరుగా గేటుకే వస్తారు, చేయి చాపుతారు, ఫొటో దిగుతారు, పోతారు. మన కాలంలో ఒక గుండు కనపడితే మనిషికి ఇల్లెటో నీళ్లెటో తెలిసేది. ఇప్పుడు ఫోను దారి చూపిస్తే మనిషి గుండు కాడికి వస్తాడు, అదీ గుండు మిగిలి ఉంటే. తప్పని నేననను. వాళ్ల లోకం వాళ్లది. ఆ గుండుకు ఒక ఫొటో కూడా లేదే అని మాత్రం ఆ రోజు అనిపించింది. మా బాపు ఎన్ని వేలసార్లు దాని కింద నిలబడి ఉంటాడు, ఒక్కరం, ఒక్కసారి ఫొటో తీసి ఉంటే ఏం పోయేది.

దూరం నుంచి అందరూ ఉత్త గాలిలో చేతులు చాపుతుంటే, నేను తాడు దాటి గోపురం దగ్గరికి పోయి, వెనక భాగాన, రంగు వేయని ప్లాస్టర్ మీద అరచేయి ఆనించాను. ఎండకు వెచ్చగా ఉంది. లోపల నా అరచేయి ఎరిగిన రాయే ఉంది. విజిల్ వేసుకుంటూ గార్డు వచ్చాడు, కసురుకుంటాడనుకున్నాను గానీ నా మొఖం చూసి తగ్గి, "ఏం పెద్దాయనా, తొవ్వ తప్పినవా? గేటు గటు దిక్కున్నది" అన్నాడు.

గోపురం ఎటు ఒరిగిందో చూశాను. మా గుండులాగే, నది దిక్కుకే ఒరిగి ఉంది, కట్టేటప్పుడు నాకు తెలియకుండానే అటు ఒరిగించినట్టున్నాను. దానికి వీపు పెట్టి నిలబడితే నా ముందు ఇల్లు ఉండాలి. ఆ దిక్కున పార్కు ప్రహరీ, దాని అవతల హైవే మాత్రమే కనపడ్డాయి.

ఔ బిడ్డా, తప్పిన అని చెప్పి, అతను చూపించిన దిక్కుకు నడిచాను.